పగటిపూట పెరటి కోళ్లకు కాపుదల: గద్ద, డేగ, కుక్క, ముంగిసల నుంచి కాపాడుకునే పద్ధతి

పెరట్లో తిరిగే నాటుకోడికి పగలు రెండు దిక్కుల నుంచి ముప్పు ఉంటుంది. పైనుంచి వచ్చేవి గద్ద, డేగ, కాకి. నేల మీద వచ్చేవి కుక్క, ముంగిస, ఉడుము, పాము. ఒకదాని నుంచి కాపాడే ఏర్పాటు ఇంకొకదానికి దారి ఇవ్వడమే ఇందులోని చిక్కు. దట్టమైన పొద ఉంటే డేగ దిగలేదు గానీ అదే పొదలో ముంగిస పొంచి ఉంటుంది. పొదలన్నీ కొట్టేసి నేల చదును చేస్తే ముంగిసకు చోటు ఉండదు, డేగకు మాత్రం విస్తట్లో వడ్డించినట్టే. అందుకే తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్ల పెరళ్లకైనా మామిడి తోపులకైనా పనికొచ్చే ఏర్పాటు ఇది: కోళ్లకు పైన మూత ఉండాలి, పక్కలు తెరిపిగా ఉండాలి, నేల మీద వచ్చేదాన్ని కంచె దగ్గరే ఆపాలి.

ముందు దొంగ ఎవరో తేల్చుకోండి

కోడి పోయిందనగానే జాలీ కొనడానికి పరుగెత్తకండి. ఏది ఎత్తుకుపోయిందో తెలియకుండా పెట్టిన ఖర్చు చాలాసార్లు తప్పు చోట పడుతుంది. పోయిన చోటికి వెంటనే వెళ్లి ఈకలు, రక్తం, అడుగులు, గుడ్ల పెంకులు చూడండి. ఎన్ని గంటలకు జరిగిందో రాసి పెట్టుకోండి. ఆ సమయం తర్వాత పనికొస్తుంది, ఎందుకంటే ఒకసారి తిండి దొరికిన చోటికి వేటజంతువు మళ్లీ అదే వేళకు రావడం మామూలు.

పిల్ల ఒక్కటే మాయమై, ఈక కూడా మిగలకపోతే పైనుంచి వచ్చినదే అనుకోవచ్చు. గద్ద చీలిన తోకతో ఆకాశంలో గుండ్రంగా తిరిగి, బయలు నేల చూసుకుని దిగుతుంది. ఇటుక రంగు రెక్కలు, తెల్లటి తల ఉన్న గరుడ పక్షి కూడా పిల్లలను తన్నుకుపోతుంది. డేగ తీరు వేరు. పావురమంత పక్షి అది. చింతచెట్టు గుబురులోనో మామిడి కొమ్మ మీదో కదలకుండా కూర్చుని, నేలకు దగ్గరగా బాణంలా వచ్చి పోతుంది. గద్దను ముందే చూడవచ్చు, డేగను పని అయ్యాకే చూస్తారు. కాకి రెండు వారాల లోపు పిల్లల జోలికి వస్తుంది, తరచూ రెండు మూడు కలిసి వస్తాయి. ఒకటి తల్లిని రెచ్చగొడితే ఇంకొకటి పిల్లను లాగుతుంది. సుమారుగా చెప్పాలంటే డేగ భయం ఐదారు వారాల వరకు, గద్ద భయం ఏడెనిమిది వారాల వరకు ఉంటుంది.

కిలో దాటిన పెట్టను ఈ పక్షులేవీ ఎత్తలేవు. పెద్ద కోడి పోయిందంటే నేల వైపు చూడండి. శేషాచలం కొండల అంచు ఊళ్లలో మాత్రం తల మీద తురాయి ఉన్న పెద్ద డేగ పెద్ద కోడినీ పట్టగలదు. దాని గుర్తు ఒకే చోట పీకి పోసిన ఈకల కుప్ప.

ఈకలు పెరడంతా చెదిరి, రెండు మూడు కోళ్లు తినకుండానే చచ్చి పడి ఉంటే అది కుక్క. మెడ మీదో తల వెనకో చిన్న పంటి గాట్లు, కొద్దిగా రక్తం, కోడి అక్కడే పడి ఉండటం ముంగిస పని. చెరకు తోట పక్క ఇళ్లలో పొద్దున్నే, సాయంత్రం పూట పెద్ద కోడి మొత్తంగా మాయమైతే అడవి పిల్లినో నక్కనో అనుమానించాలి. చెరకు మడుల్లో అవి పగలంతా పడుకుంటాయి.

గుడ్ల విషయంలో పెంకే సాక్ష్యం. ముంగిస పగలగొట్టి తిని పెంకు వదిలేస్తుంది. పాము, ఉడుము అలాగే మింగేస్తాయి, గూడు శుభ్రంగా ఖాళీ అవుతుంది. కాకి పొడిచి కన్నం చేస్తుంది, లేదా ముక్కున కరుచుకుపోతుంది. గూట్లో గడ్డి సొనతో తడిసి, పెట్ట ముక్కుకు సొన అంటి ఉంటే దొంగ బయటివాడు కాదు, మీ పెట్టే. గవ్వపొడి, ముగ్గుపిండి రాయి ముక్కల వంటి సున్నం తిండి పెంచి, గుడ్డు పెట్టగానే తీసేస్తే ఆ అలవాటు తగ్గుతుంది.

కోళ్ల అరుపు కూడా వినడం నేర్చుకోండి. పైనుంచి వచ్చేదాన్ని చూస్తే పుంజు సన్నగా, పొడుగ్గా ఒక్క కూత పెడుతుంది, అన్నీ నేలకు అతుక్కుంటాయి లేదా మూత కిందికి దూరతాయి. నేల మీద వచ్చేదాన్ని చూస్తే మెడలు చాచి కొక్కొక్కొక్కని ఆపకుండా గోల చేస్తాయి. వంటింట్లో ఉండి కూడా ఆకాశం చూడాలా, కంచె చూడాలా అన్నది ఈ తేడాను బట్టి తెలుసుకోవచ్చు.

పైన మూత, పక్కన తెరిపి

డేగ దాడి కొన్ని క్షణాల్లో అయిపోతుంది. కాబట్టి పెరట్లో కోడి ఎక్కడ ఉన్నా 12 నుంచి 15 అడుగుల లోపు ఒక మూత ఉండాలి. లోపల అడ్డంకులు లేక నాలుగు వైపులా కనిపించాలి, లేకపోతే అక్కడే ముంగిస కాచుకుంటుంది.

దీనికి పాత నులక మంచం చాలా బాగా పనికొస్తుంది. ఎత్తు సుమారు అడుగున్నర, నాలుగు వైపులా తెరిపి, మోసి చోటు మార్చుకోవచ్చు. పైన కొబ్బరి మట్టలో తాటాకో పరిస్తే నీడ కూడా. మంచం లేకపోతే నాలుగు కర్రలు పాతి, పైన నాలుగు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు తడిక కట్టండి. ఎత్తు 15 నుంచి 18 అంగుళాలు. అంతకంటే ఎత్తయితే డేగ కిందికి దూరి వస్తుంది. అడుగు కంటే తక్కువైతే పుంజు, బరువు పెట్ట దూరలేవు. ఐదు సెంట్ల పెరడుకు ఇలాంటివి ఆరు నుంచి ఎనిమిది వరకు సరిపోతాయి, వాటిలో ఒకటి నీళ్ల తొట్టి పైన, ఒకటి గింజలు చల్లే చోట ఉండాలి. గింజలు బయలులో చల్లి, మూత మాత్రం గోడ పక్కన పెట్టడం తరచూ కనిపించే తప్పు. కోళ్లు గుంపుగా తలలు దించుకుని ఉండే చోటే డేగకు అనువు.

మామిడి తోపులో తిప్పేవాళ్లకు సగం పని చెట్లే చేస్తాయి. కిందికి వాలిన కొమ్మలే మంచి కప్పు. కత్తిరింపుల్లో కొమ్మలన్నీ పైకి ఎత్తేయకుండా, కోళ్లు తిరిగే భాగంలో నాలుగైదు చెట్లకు రెండు అడుగుల ఎత్తున కొమ్మలు ఉంచండి. పెరట్లో పొద కావాలనుకుంటే మందారమో గోరింటో పెంచి, కింది అడుగు భాగం ఆకు లేకుండా దూసేయండి. పైన గుబురు మిగులుతుంది, కింద చూపు ఆగదు.

మెరిసే రిబ్బన్లు, పాత సీడీలు, దిష్టిబొమ్మ వారం పది రోజులు పనిచేస్తాయి. తర్వాత పక్షులు అలవాటు పడిపోతాయి. వాడాలనుకుంటే రెండు మూడు రోజులకోసారి చోటు మార్చండి. గద్దలు, డేగలు గూళ్లలో పిల్లలను మేపే జనవరి నుంచి జూన్ వరకు మాత్రమే ఈ రిబ్బన్లను, బొమ్మలను బయటికి తీస్తే భయం కొంత నిలుస్తుంది. వీటికంటే నల్లగా, చీలిన తోకతో ఉండే ఏట్రింత పిట్ట మేలు. అది గూడు కట్టిన చెట్టు దగ్గరికి గద్దను, కాకిని రానివ్వదు, వెంటపడి తరుముతుంది. అలాంటి చెట్టు పెరట్లో ఉంటే కొమ్మలు నరకకండి.

కోడి కోసిన పేగులు, చేపల పొట్టు పెరటి మూల పారేసే అలవాటు ఉంటే ముందు అది మానాలి. గద్దలకు, కాకులకు, వీధి కుక్కలకు మీ ఇంటి దారి చూపేది అదే. రెండు అడుగుల లోతు గుంతలో పూడ్చి మట్టి కప్పండి.

పిల్లల తల్లికి కదిలే గూడు

నష్టంలో ఎక్కువ భాగం మొదటి ఆరు వారాల్లోనే జరుగుతుంది. అందుకే ఖర్చు పెట్టగలిగింది కొంచెమే అయితే అది పిల్లల మీదే పెట్టండి.

గంప మన పాత పద్ధతి, మంచిదే, కానీ దానికి మూడు లోపాలు ఉన్నాయి. కుక్క తోస్తే తిరగబడుతుంది. సందుల్లోంచి పిల్ల తల బయటపెడితే కాకి లాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో మూస్తే లోపల ఉక్కకు పిల్లలు చచ్చిపోతాయి. గంప వాడితే చెట్టు నీడలో మూసి, పైన బరువైన రాయి పెట్టి, లోపల లోతు లేని నీళ్ల చిప్ప ఉంచండి. రెండు గంటలకోసారి నీడ ఎటు జరిగిందో చూడాలి.

కొంచెం పని చేయగలిగితే అడుగు లేని చెక్క గూడు చేసుకోండి. పొడవు 6 అడుగులు, వెడల్పు 3, ఎత్తు 2. ఇందులో ఒక తల్లి, పది పన్నెండు పిల్లలు నాలుగు వారాల వరకు హాయిగా ఉంటాయి. కావలసినవి:

ఒకటిన్నర అంగుళం చెక్క రీపర్లు (సన్నటి బద్దలు) మొత్తం 51 అడుగులు (6 అడుగులవి నాలుగు, 3 అడుగులవి ఐదు, 2 అడుగులవి ఆరు). అరంగుళం కన్నాల జీఐ వెల్డ్ మెష్ (జింకు పూత ఉన్న, అతికించిన తీగల జాలీ), 2 అడుగుల వెడల్పుది 18 అడుగులు పక్కలకు, 3 అడుగుల వెడల్పుది 6 అడుగులు పైకి, అడుగు వెడల్పుది 22 అడుగులు కింది అంచుకు. అతుకుల కోసం ఒకటి రెండు అడుగులు ఎక్కువే తీసుకోండి. రెండు మడతబందులు, ఒక గొళ్లెం, స్క్రూలు, వాషర్లు.

చట్రం బిగించి, మెష్‌ను లోపలి వైపు కాకుండా బయటి వైపు బిగించండి. లోపల బిగిస్తే కుక్క తోసినప్పుడు మేకులు ఊడొస్తాయి. నాలుగు అంగుళాలకోసారి వాషర్ వేసి స్క్రూ బిగించాలి. పై భాగంలో సగం తలుపుగా పెట్టి గొళ్లెం వేయండి, ఒట్టి కొక్కేన్ని ముంగిస ముక్కుతో ఎత్తేస్తుంది. ఒక కొసన రెండు అడుగుల మేర కొబ్బరి మట్టలతో కప్పితే నీడ. అడుగు వెడల్పు మెష్‌ను కింది రీపరుకు కట్టి నేల మీద బయటికి పరిచి, ఇటుకలు పెట్టండి. తవ్వి దూరాలనుకునే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, వెనక్కి జరిగి తవ్వదు. కాళ్ల కింద జాలీ తగిలితే ఆపేస్తుంది. రోజూ గూటిని పక్కకు జరపండి, పిల్లలకు కొత్త గడ్డి, పురుగులు దొరుకుతాయి.

వల కట్టిన ఆవరణ

నాలుగు వారాలు దాటిన పిల్లలకు 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఆవరణ చాలు. పెద్ద కోళ్లను ఎటైనా ఊరికి పోవలసి వచ్చినప్పుడు ఇందులోనే ఉంచవచ్చు. మెట్టు మెట్టుగా పని ఇది.

1. చుట్టూ ఎనిమిది, మధ్యలో ఒకటి, మొత్తం తొమ్మిది కూసాలు (గుంజలు). రాతి కూసం అయితే మన్నిక. సవుకు కట్టెలైతే ఎనిమిదిన్నర అడుగులవి తీసుకుని, కింది రెండు అడుగులకు తారు పూసి, అడుగున్నర లోతు పాతండి. తారు లేకుండా పాతితే ఒక వానాకాలానికే చెదలు తినేస్తాయి.

2. కూసాల తలల మీదుగా 12 గేజి జీఐ తీగ లాగండి. చుట్టూ 70 అడుగులు, మధ్యలో అడ్డంగా, నిలువుగా 35, కట్టుకు 10, మొత్తం 115 అడుగులు. సుమారు ఒకటిన్నర కిలో.

3. చుట్టూ 5 అడుగుల ఎత్తు తీగ అల్లిక కంచె, అంటే చైన్‌లింక్ కట్టండి. అంతకంటే తక్కువైతే వీధి కుక్క దూకుతుంది. ఆరు మూలల కన్నాల పలుచటి చికెన్ మెష్ కుక్కకు ఆగదు, పళ్లతో చింపుతుంది.

4. చైన్‌లింక్ కన్నంలోంచి చిన్న ముంగిస దూరగలదు. అందుకని కింది భాగంలో 3 అడుగుల వెడల్పు అరంగుళం వెల్డ్ మెష్ చుట్టూ వేయండి. రెండు అడుగులు నిలువుగా, ఒక అడుగు బయటికి నేల మీద పరిచి, మట్టి, రాళ్లు కప్పండి. మూలల దగ్గర ఖాళీ వదిలితే దూరేది అక్కడే, అదనపు ముక్క వేసి బైండింగ్ వైరుతో కుట్టండి.

5. పైన ఎండకు తట్టుకునే, ముడులు వేసి అల్లిన వల, అంగుళం కన్నాలది, 26 అడుగులకు 21 అడుగులు. రెండు అడుగులు పక్కలకు దిగి చైన్‌లింక్‌తో కలవాలి. మధ్య కూసం తల మీద కొబ్బరి చిప్ప బోర్లించి వల వేయండి, లేకపోతే గాలికి రాసుకుని అక్కడే చిరుగుతుంది.

6. తలుపు కింద సందు అరంగుళం దాటకూడదు. గడపకు కడప బండ వేస్తే వానకు నేల కోసుకుపోదు.

సన్నటి నైలాన్ చేపల వలను నేల దగ్గర ఎప్పుడూ కట్టకండి. పాములు అందులో చిక్కి నరకం పడతాయి, తీయబోయిన మనిషికీ ప్రమాదమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు పడే ఈశాన్య రుతుపవనాల వానల్లో రాలిన ఆకు వల మీద తడిసి బరువెక్కుతుంది, వల కిందికి సాగుతుంది. వారానికోసారి దులపండి.

మొత్తం పెరడుకు వల వేయలేనివాళ్లు పెరటి పైన అడుగున్నర ఎడం ఎడంగా దారాలు అడ్డంగా లాగుతారు. గద్దకు, గరుడ పక్షికి రెక్కలు చాచే చోటు లేక ఇది బాగానే ఆపుతుంది. డేగ సందుల్లోంచి వచ్చేస్తుంది కాబట్టి పిల్లలకు దారాల మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ముంగిస దారులు మూయడం

ముంగిస పగటి జంతువు, ఓర్పు ఎక్కువ. ప్రహరీ ఎంత ఎత్తున్నా మురుగు తూము తెరిచి ఉంటే ఆ గోడ ఉన్నా లేనట్టే. తూములన్నిటికీ అరంగుళం మెష్ బిగించండి, చెత్త అడ్డుపడకుండా నెలకోసారి తీసి కడగండి. వేరుశెనగ కట్టె వామి, వంటచెరకు కుప్ప, ఇటుకల దొంతర కంచెకు 15 అడుగుల లోపు ఉండకూడదు. వంటచెరకును నేలకు అడుగు ఎత్తున రాళ్ల మీద పేర్చితే కింద దాగుడు ఉండదు. వేరుశెనగ కోత అయ్యాక చేనులో దాగే చోటు పోయి ముంగిసలు ఇళ్ల వైపు ఎక్కువగా తిరుగుతాయి, ఆ రోజుల్లో కంచె చుట్టూ రోజూ ఒకసారి నడిచి చూడండి.

చిందిన గింజలు ఎలుకలను, ఎలుకలు పాములను తెస్తాయి. తిన్నంత సేపే మేత పెట్టి మిగిలింది ఎత్తేయండి.

వదిలే వేళ, మూసే వేళ

పొద్దున 7, 7:30 వరకు వదలకండి. కుక్కల గుంపులు, అడవి పిల్లి తిరిగే వేళ అది. గుడ్లు పెట్టే పెట్టలను 10 గంటల దాకా లోపలే ఉంచితే ఎక్కువ గుడ్లు గూట్లోనే పడతాయి. పొదల్లో పెట్టిన గుడ్లే ఉడుముకు, పాముకు తోవ చూపుతాయి. గూడు నేలకు రెండు అడుగుల ఎత్తున ఉంచి, రోజుకు రెండుసార్లు గుడ్లు తీయండి.

సాయంత్రం 5 గంటలకే గుప్పెడు నూకలో సజ్జలో మూసే చోట వేసి, ఒకే పిలుపుతో పిలిచే అలవాటు చేయండి. వారంలో కోళ్లు నేర్చుకుంటాయి. కొండ కింద ఊళ్లలో, చంద్రగిరి, తలకోన వైపు, దీన్ని అసలు వాయిదా వేయకూడదు. సందెవేళ బయట ఉన్న కోళ్లు, కుక్కలు చిరుతను ఇంటి దాకా రప్పిస్తాయి.

కోడి రకం, కాపలా

పిల్లలను కాపాడే తెగువ అసిల్ (పందెం కోళ్ల జాతి) తల్లిలో ఎక్కువ, కాకిని ఎగిరి తన్నే పెట్టలు వాటిలో ఉంటాయి. పెరటి పెంపకం కోసం తయారు చేసిన వనరాజా వంటి రకాలు బరువుగా, నెమ్మదిగా ఉంటాయి, వాటికి మూతలు దగ్గర దగ్గరగా పెట్టాలి. తెల్ల కోడి పైనుంచి దూరానికే కనిపిస్తుంది, బయట తిరిగే మందకు గోధుమ, నలుపు, చుక్కల రంగులు మేలు. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు ఉంటే అది తినకుండా తల ఎత్తి చూస్తూ ఉంటుంది. రెండు మూడు గిన్నెకోళ్లు ఉంటే కొత్తది ఏది కనిపించినా వీధి అంతా వినేలా అరుస్తాయి.

రెక్క ఈకలు కత్తిరిస్తే కంచె దాటవు నిజమే, కానీ కుక్క తరిమినప్పుడు ఎగిరి కొమ్మ ఎక్కలేవు. కుక్కలున్న వీధిలో కత్తిరించవద్దు.

చేయకూడనివి

మాంసంలో పురుగుమందు గుళికలు కలిపి పెట్టడం నేరం, పైగా చచ్చేది దొంగ ఒక్కటే కాదు. పక్కింటి కుక్క, కాకి, చివరికి ఆ వాంతి పొడిచిన మీ కోడి కూడా చస్తాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం ఉడుము ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో (జాబితాలో) ఉంది, చంపితే కనీసం 3 ఏళ్ల జైలు. ముంగిస, డేగ, గద్దలకూ చట్టం రక్షణ ఉంది, ఉచ్చులు పెట్టకండి. ఉడుమో పామో కోళ్ల గూట్లో చిక్కితే తలుపు తెరిచి, కోళ్లను మళ్లించి, అది పోయే దారి వదలండి. పోకపోతే అటవీ శాఖకు చెప్పండి. వీధి కుక్కల మీద జంతు జనన నియంత్రణ నియమాలు 2023 కింద శస్త్రచికిత్సల కోసం పురపాలక సంఘానికో పంచాయతీకో రాతపూర్వకంగా అడగవచ్చు.

దాడి జరిగాక

మిగిలిన మందను వారం రోజులు లోపలే ఉంచండి. దొంగ రెండు మూడు రోజులు అదే వేళకు వచ్చి, ఏమీ దొరక్క దారి మారుస్తుంది. డేగ అయితే అది కూర్చునే ఎండు కొమ్మ ఏదో చూసి, అందులో గూడు లేకపోతే కొట్టించండి.

బతికిన కోళ్లను ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని ఈకలు విడదీసి చూడండి. ముంగిస పంటి గాట్లు మెడ ఈకల కింద కనపడవు, రెండో రోజుకు చీము పడతాయి. గాయాన్ని శుభ్రమైన ఉప్పునీళ్లతో కడిగి, పొవిడోన్ అయోడిన్ పూయండి. ఈగలు వాలితే ఒక్క రోజులో పురుగులు పడతాయి, కాబట్టి గాయం మానేదాకా దోమతెర కట్టిన బుట్టలో, మసక వెలుతురులో ఒంటరిగా ఉంచండి. తాగే నీళ్లలో కాస్త గ్లూకోజు కలపండి. తోలు చిరిగి కండ కనిపిస్తే కుట్లు అవసరం, పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. కుక్క కరిచిన కోడిని పట్టుకున్న చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి, చచ్చిపోతే వండకుండా సున్నం చల్లి పూడ్చండి.